గేటు బయట కుక్కలు

మా మున్సిపాలిటీ కబేళా తలుపులు తెల్లవారుజామున మూడున్నరకి తీస్తారు. నాకు అక్కడ డ్యూటీ వేశారని చెప్పగానే అమ్మ రెండు ప్రశ్నలు అడిగింది. "ఆ వేళప్పుడు స్కూటీ మీద ఒక్కదానివే ఎలా వెళ్తావే?" "ఇకమీదట మటన్ నీ గొంతు దిగుతుందా?" మొదటిదానికి జవాబు నాన్న చెప్పాడు, వారం రోజులు తన బండి మీద నా వెనకే వచ్చి గేటు దాకా దిగబెట్టి. రెండోదానికి నేనే చెప్పాలి. దిగుతోంది. కాకపోతే ఎవరి కొట్లో కొంటున్నానో ఇప్పుడు కాస్త చూసుకుంటున్నాను.

పశువైద్యురాలిగా చేరి అప్పటికి రెండేళ్ళు. కష్టమైన ఈతలు, పొదుగువాపులు, గొర్రెలకి నట్టల మందు, గాలికుంటు టీకాలు, ఇదే లోకం. మాంస పరీక్ష కాలేజీలో చదువుకున్న సబ్జెక్టే. లింఫు గ్రంథుల పేర్లు వరసగా బట్టీపట్టి రాసి పాసయ్యాను. అవి చేతికి ఎలా తగులుతాయో మాత్రం తెలీదు.

మొదటి రోజు గేటు దగ్గర నాకు ఎదురైంది మనుషులు కాదు, కుక్కలు. పద్నాలుగు లెక్కపెట్టాను. ఊళ్ళో వీధికుక్కల పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వీటి ఒళ్ళు మాత్రం నూనె రాసినట్టు మెరుస్తోంది. మొరగలేదు, మీదికి రాలేదు. ముహూర్తం తెలిసిన చుట్టాల్లా గోడ వారగా వరసగా కూర్చుని ఉన్నాయి. అప్పుడు దాన్ని గురించి ఏమీ అనుకోలేదు.

లోపల కిటికీ గూట్లో ఒక రేకు డబ్బా. అందులో ముద్ర, ఊదా రంగు డబ్బా, ముందే సంతకాలు పెట్టి ఉంచిన నాలుగు ఖాళీ సర్టిఫికెట్లు. ఎవరు ముందొస్తే వాళ్ళే తొడ మీద, జబ్బ మీద ముద్ర కొట్టుకుని వెళ్ళిపోయేవారట. సంతకాలు ఎవరివో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ నాలుగు కాగితాలూ చించి, డబ్బాకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో తాడుకి కట్టుకున్నాను. ఆ ఒక్క పనికే సగంమందికి నా మీద కోపం వచ్చింది.

కబేళాల మీద 2001లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. ఒక డాక్టరు గంటకి 12, రోజుకి 96 పశువులకి మించి పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. అంటే ఒక్కో జీవానికి ఐదు నిమిషాలు. చూడి జీవాన్ని, మూడు నెలలు నిండని పిల్లని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కొయ్యకూడదు. కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. ఆదివారం నా ముందుకి నూటనలభై వచ్చేవి. ఆరున్నరకల్లా కొట్లలో మాంసం వేలాడకపోతే బేరం పోయినట్టే. మూడు గంటల్లో నూటనలభై అంటే ఒక్కోదానికి నిమిషం పావు. మిగతా రోజుల్లో ముప్పై, నలభై దాటవు గనక రూలు ప్రకారమే నడిచేది. ఆదివారం సంగతి పైవాళ్ళకి మూడుసార్లు రాశాను. ఇంకో డాక్టర్ని ఇవ్వడానికి వాళ్ళకి తొమ్మిది నెలలు పట్టింది.

అక్కడ నాకు పని నేర్పింది ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి, నలభై ఏళ్ళుగా ఇదే వృత్తి. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన డాక్టరమ్మా అనేవాడు. మొదటి రోజు నా కత్తి చూసి నవ్వాడు. "అది ఉల్లిపాయలకి పనికొస్తుందమ్మా" అని తన కత్తుల్లో ఒకటి సాన పట్టి ఇచ్చాడు. మొండి కత్తితో గ్రంథి కోస్తే నలిగిపోతుంది, లోపల ఏముందో కనపడదు. ఒక చీముగడ్డ కోసిన కత్తితో తర్వాతిదాన్ని ముట్టుకోకూడదు, 82 డిగ్రీల వేడినీళ్ళలో ముంచాలి. ఆ 82 అన్న అంకె పుస్తకంలో చదివిందే. బకెట్లో కాయిల్ హీటరు పెట్టించుకున్నాక తెలిసింది, పొరపాటున వేలు తగిలితే బొబ్బ ఖాయమని.

పని ఇలా సాగుతుంది. తోలు ఊడదీసి, పొట్ట తెరిచాక బోటి ఒకవైపుకి పోతుంది. గుండె, ఊపిరితిత్తులు, కార్జం పీకతో సహా ఒకే గుత్తిగా బయటికొస్తాయి. ఆ గుత్తిని పీక దగ్గర కొక్కేనికి తగిలించాలి. కానీ అక్కడ అన్ని గుత్తులూ ఒక మూల, తలకాయలు ఇంకో మూల పోగుపడేవి. పాడైన తిత్తి దొరికిందే అనుకోండి, అది ఏ మొండేనిది? పదిహేను వేలాడుతున్నాయి, ఎవరి నడిగినా "మాది కాదు". మొదటి వారం నా పరీక్ష అంతా ఒట్టి నాటకమే. చీటీలు కట్టిద్దామంటే రక్తంలో తడిసి ఊడిపోయాయి. చివరికి బాబాయే దారి చూపించాడు. నేను చూసేవరకు గుత్తిని ఆ మొండెం పక్కనున్న కొక్కేనికే వేలాడదీస్తాం, తలకాయ కిందే పెడతాం అన్నాడు. రూపాయి ఖర్చు లేదు. నాకు తట్టనేలేదు.

అప్పటి నుంచి చేతులు నేర్చుకోవడం మొదలైంది. తిత్తుల్ని కొయ్యనక్కర్లేదు, ముందు రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా పిసకాలి. మంచి తిత్తి తడిపిన స్పాంజిలా ఉంటుంది, నొక్కితే లోపల గాలి చిటచిటలాడుతుంది. న్యుమోనియా వచ్చినచోట కార్జంలా గట్టిపడుతుంది. కార్జానికి రెండు కోతలు: పొట్ట వైపు ఉండే ముఖం మీద ఒకటి, చిన్న తమ్మె మొదట్లో ఒకటి, పైత్యనాళాలు తెరుచుకునేలా. బల్లని, అంటే ప్లీహాన్ని, వేళ్ళతో తడిమి వాపు చూడాలి. కిడ్నీ మీద పొర ఒలిచి చూడాలి. పక్కటెముకల మధ్య నరాల్లో రక్తం నల్లగా నిలిచి ఉంటే సరిగ్గా ఓడలేదన్నమాట. ఒకోసారి అది కోతలో లోపం. ఒకోసారి కోసేనాటికే ఆ జీవం జ్వరంతో చావుబతుకుల్లో ఉందని గుర్తు. తొందరపడి ఏదో ఒకటి అనేయడానికి లేదు, మిగతావన్నీ కలిపి చూడాలి.

పుస్తకంలో 'కేసియస్ లింఫడినైటిస్' అనే బండ పేరున్న జబ్బుని వేలికొనతో గుర్తుపట్టిన రోజు నాకు బాగా గుర్తు. జబ్బ ముందు కండ కింద ఉండే గ్రంథి మామూలుగా చిక్కుడు గింజంత ఉండి వేళ్ళ మధ్య జారిపోతుంది. ఆ రోజు నిమ్మకాయంతది తగిలింది. "బిళ్ళ కట్టింది బాబాయ్" అన్నాను, మనుషుల గజ్జల్లో అన్నట్టే. కోస్తే లోపల ఆకుపచ్చ ఛాయ కలిసిన తెల్లటి గట్టి చీము, ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు పొర మీద పొర. ముళ్ళకంపలు గీసుకున్న గాయం లోంచి సూక్ష్మజీవి చేరి అలా ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ఒక్కచోటే ఉంటే ఆ గ్రంథి, చుట్టూ కండ తీసేసి మిగతాది వదిలేయొచ్చు. తొడ ముందరి గ్రంథిలోనూ, తిత్తుల్లోనూ ఉండి జీవం బక్కచిక్కి ఉంటే మొత్తం పోవాల్సిందే. ఇది రెండో రకం. ఆసామి నా కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. పది వేలు పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది, నాకు తెలుసు. తిరస్కరించినదానికి నష్టపరిహారం ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు. నన్నడిగితే అదే అసలు లోపం. అది ఉంటే సగం గొడవలు ఉండవు.

పదో రోజో పదకొండో రోజో, ఒక పొట్టేలు తిత్తి నొక్కితే స్పాంజి మధ్యలో గోళీలాంటివి తగిలాయి. తిప్పి చూస్తే పైకి ఉబ్బి, ముత్యంలా తెల్లగా, బిగుతుగా. నిమ్మకాయంత ఒకటి, చుట్టూ చిన్నవి నాలుగు. ఉత్సాహం ఆపుకోలేక కత్తి మొన పెట్టాను. లోపలి నీరు పిచికారీలా ఎగిరి నా కళ్ళద్దాల మీద పడింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఒకటే నవ్వు. "నీటి బుగ్గలేనమ్మా, రోజూ వస్తూనే ఉంటాయి" అన్నాడు బాబాయ్. అని, నేను కళ్ళద్దాలు తుడుచుకునేలోపు ఆ తిత్తుల్ని పీకతో సహా తెంపి, చూడకుండానే గోడ అవతలికి విసిరేశాడు. అవతల గోల మొదలై, క్షణంలో ఆగిపోయింది.

ఒళ్ళు మెరిసే ఆ పద్నాలుగు కుక్కల సంగతి నాకు అప్పుడర్థమైంది.

ఆ నీటి బుగ్గల పేరు హైడాటిడ్ సిస్టులు. లోపల ఇసుక రేణువుల్లా కనపడేవి బద్దెపురుగు పిల్లతలలు. కుక్క పచ్చి తిత్తి తింటే అవి దాని పేగుల్లో పెద్ద పురుగులవుతాయి. పెద్ద అంటే ఎంతో కాదు, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, బియ్యపు నూకంత. ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలెడతాయి. కుక్క పెంటలో బయటపడ్డ గుడ్లు గడ్డి మీద చేరితే గొర్రెకి, ఆకుకూర మీదో పిల్లల చేతుల మీదో చేరితే మనిషికి. మనిషి కార్జంలో ఆ బుగ్గ ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. లోపల పగిలితే ప్రాణం మీదికి రావచ్చు. చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. మటన్ తింటే మనిషికి ఈ జబ్బు రాదు. మటన్ కొట్టు తిత్తి తిన్న కుక్క వల్ల వస్తుంది. అంటే నేను ఎంత జాగ్రత్తగా పరీక్ష చేసి పాడైన తిత్తిని తీసి పక్కన పడేస్తే, అంత బాగా కుక్కలకి వడ్డిస్తున్నానన్నమాట.

ఇదంతా వాళ్ళకి ఓపిగ్గా చెప్పాను. "ఉడికితే అన్నీ చస్తాయి కదమ్మా" అన్నారు. కుక్క ఉడకబెట్టుకుని తినదు కదా అంటే నవ్వారు. గోడ అవతలికి విసరడం ఆగలేదు. మూత ఉన్న డ్రమ్ము తెప్పించి పెట్టాను. కొన్నాళ్ళు అందులో వేశారు, నేను పొంగిపోయాను. తర్వాత తెలిసింది, నేను పక్కన పెట్టిన కార్జాలు డ్రమ్ములోంచి మళ్ళీ బయటికొచ్చి, మందుషాపు పక్క బండి మీద ఫ్రై అవుతున్నాయని. ఆ రోజు నుంచి తిరస్కరించిన ప్రతిదాన్నీ నా చేత్తోనే నాలుగు గాట్లు పెట్టి ఫినాయిల్ పోశాను. వాసనకి ఎవరూ ముట్టుకోలేదు.

గొయ్యి తవ్వించడానికి మాత్రం నా సైన్సు పనికిరాలేదు, కుక్కకాటు పనికొచ్చింది. పెద్ద పండక్కి ముందు రద్దీలో తిత్తుల కోసం కొట్లాడుకుంటూ ఆ మంద లోపలికి జొరబడి ఒక కుర్రాడి పిక్క పట్టుకుంది. ఐదు ఇంజెక్షన్లు, నాలుగు వారాలు ఆస్పత్రి చుట్టూ తిరుగుడు. ఆ మర్నాడు బాబాయే అందరినీ పిలిచి, "ఇక గోడ దాటి ఒక్క ముక్క పోయినా ఊరుకోను" అన్నాడు. సిమెంటు ఒరలు దింపిన లోతైన గొయ్యి, ఇనప మూత, తాళం. వేసిన ప్రతిసారీ పైన సున్నం. నెల రోజుల్లో గోడ దగ్గర ఐదు కుక్కలే మిగిలాయి. వాటికి ఆరు వారాలకోసారి బద్దెపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ మాత్రలు పెట్టడం మొదలెట్టాను, ఉడికించిన కోడి కార్జం ముక్కలో దాచి. ఒకటి మాత్రం ముక్క మింగి మాత్ర ఉమ్మేసేది. దానికి ఎప్పుడూ రెండుసార్లు పెట్టాల్సి వచ్చేది.

పసుపు పొట్టేలు కథ కూడా చెప్పాలి. తోలు తీసేసరికి కొవ్వంతా పచ్చగా ఉంది. ఆసామి ముందే సాకు సిద్ధం చేసుకున్నాడు: "కడిగిన నీళ్ళలో పసుపు పడిందమ్మా". కొవ్వు పచ్చగా ఉండటానికి మేతలోని రంగు కారణం కావచ్చు, అప్పుడు ఫర్వాలేదు. కామెర్లు కావచ్చు, అప్పుడు మొత్తం పారేయాలి. కోల్డ్ రూము ఉంటే 24 గంటలు ఆపి చూసేదాన్ని. మా దగ్గర లేదు. కంటి తెల్లగుడ్డు, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం లోపలి గోడ కూడా పచ్చగానే కనిపించాయి. నాకు దాదాపు నమ్మకం కుదిరింది, కానీ ఆసామి ఒప్పుకోలేదు. పక్కనే ఉన్న మా పశువుల ఆస్పత్రికి నడిపించాను. పరీక్ష నాళికలో రెండు గ్రాముల కొవ్వు, ఐదు శాతం కాస్టిక్ సోడా ద్రావణం ఐదు మిల్లీలీటర్లు వేసి ఒక నిమిషం మరిగించి, కుళాయి కింద చల్లార్చి, స్టవ్వు ఆర్పేశాక అంతే ఈథర్ పోసి మెల్లగా కలిపాను. ఎనిమిది మంది తలలు ఆ నాళిక మీదికి వంగాయి. గారడీ చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టారు. పైన తేలిన ఈథర్ పచ్చబడితే మేత రంగు, కింద నీళ్ళు పచ్చబడితే పైత్యం. రెండు పొరలు విడిపోయాయి. పైన తెల్లగా, కింద ఆకుపచ్చ కలిసిన పసుపు. ఆసామి కాసేపు చూసి, "సరేలేమ్మా" అని బయటికి నడిచాడు. ఆ నాళిక వల్ల నాకు దొరికిన మర్యాద, మెళ్ళో తాళంచెవి వల్ల దొరకలేదు.

లారీలో చచ్చి వచ్చిన గొర్రె సంగతి వేరు. ముక్కు దగ్గర రక్తం కారి ఉంది. "తోలైనా దక్కించుకుంటాం" అని ఒకతను కత్తి తీశాడు. గట్టిగా అరిచాను, అంత గొంతు నాకుందని నాకే తెలీదు. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ అయితే కొయ్యగానే ఆ క్రిమి గాలి తగిలి బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. మన్యంలో దొమ్మ సోకిన పశువుని కోసినవాళ్ళ చేతుల మీద నల్ల పుండ్లు లేవడం కొత్త కాదు. చెవి నరం లోంచి ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద తీసుకుని, కళేబరాన్ని కదపకుండా కాపలా పెట్టించాను. సాయంత్రానికి తేలింది, దొమ్మ కాదని. లారీలో కిక్కిరిసి ఊపిరాడక చచ్చిపోయి ఉంటుంది. చచ్చివచ్చినదాన్ని ఎలాగూ కొయ్యనివ్వం గనక సున్నం వేసి లోతుగా పూడ్పించాం. "ఏం లేనిదానికి అంత అరిచింది" అని రెండు వారాలు చెప్పుకున్నారు. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ అరుస్తాను.

మటన్ కొనేవాళ్ళకి ఉపయోగపడే ముచ్చట ఒకటి. మనవాళ్ళు పొట్టేలు మాంసమే కావాలంటారు గనక కొట్లో మొండేనికి వృషణాలు వదిలేసి వేలాడదీస్తారు. ముసలి గొర్రెకి పొట్టేలు వృషణాలు అతికించి వేలాడదీసే ఘనులూ ఉన్నారు. అది పట్టుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. తొడల మధ్య చూస్తే, పొట్టేలుకి కటి ఎముక వెనక అంచున అంగం మొదలు తెల్లటి గట్టి కాడలా మిగిలి ఉంటుంది. గొర్రెకి అది ఉండదు, పొదుగు తీసేసినచోట స్పాంజిలాంటి కండ జాడలు ఉంటాయి. చేతితో కొంచెం లాగి చూడండి, కుట్టు ఉంటే బయటపడుతుంది.

ఆరో నెల నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ మంద ఏ ఊరి నుంచి వచ్చింది, లోపల ఏం కనపడింది. కాలవ గట్ల మీద మేసే మందల కార్జాల్లో జలగలు ఎక్కువ. ఆకులా పల్చగా, బూడిద రంగులో, పైత్యనాళం కోయగానే నెమ్మదిగా ముడుచుకుంటూ బయటికొస్తాయి. నాళాలు గోడ మందమెక్కి తెల్ల గొట్టాల్లా తయారవుతాయి. కొన్నిటి పొట్ట లోపలి గోడకి దానిమ్మ గింజలు అతికించినట్టు పొట్ట జలగలు. అలాంటి మంద కనపడితే ఆ మండలంలో డాక్టర్ ఎవరో చూసి ఫోన్ చేసేదాన్ని: ఫలానా ఊరి జీవాలకి జలగల మందు తాగించండి, నత్తలున్న మడుగుల దగ్గర మేపొద్దని చెప్పండి అని. ఒకరిద్దరు, కబేళా నుంచి డాక్టర్ ఫోన్ చేయడమేంటని తికమకపడ్డారు.

మొన్న శ్రావణం ముందు ఒక కాపరి తన పొట్టేళ్ళ వెంట ఆటోలో తనే వచ్చాడు. మామూలుగా బేరగాడికి అమ్మేసి అక్కడితో వదిలేస్తారు, ఎవరూ ఇక్కడి దాకా రారు. కోత అయ్యేదాకా గేటు బయట కూర్చుని, నేను బయటికి రాగానే లేచాడు. "మా ఊరి డాక్టరుగారు మందు తాగించమన్నారమ్మా, తాగించాను. కార్జాలు ఎట్లా ఉన్నాయి?"

లోపలికి పిలిచి చూపించాను. ఆరింట్లో నాలుగు నున్నగా, అంచు పదునుగా, ముదురు రంగులో ఉన్నాయి. రెండింట్లో పాత మచ్చలు, ఒక దాంట్లో ఒకే ఒక్క జలగ. అతను వేలితో అంచు తడిమి, "వానలు పడ్డాక ఇంకోసారి తాగించాలా?" అన్నాడు. తాగించాలన్నాను. తిత్తుల్లో మాత్రం మూడింటికి నీటి బుగ్గలున్నాయి. వాటినీ చూపించి, గేటు దగ్గర ఆటోలో కట్టేసి ఉన్న అతని మంద కుక్క వంక చూశాను.

"దీనికెప్పుడైనా నట్టల మందు వేశావా?"

అతను నవ్వాడు. "జీవాలకంటే తాగిస్తాం గానీ కుక్కకి మందేంటమ్మా!"

స్కూటీ డిక్కీలో మాత్రలు మిగిలున్నాయి. పది కిలోలకి ఒకటి, అందుకని బరువు ఎంతుంటుందని అడిగాను. అతను కుక్క ముందుకాళ్ళ కింద చెయ్యి వేసి, సంతలో పొట్టేలుని ఎత్తి చూసినట్టే ఒకసారి పైకెత్తి దించాడు.

"పదిహేను కిలోలు. అటూ ఇటూ పావు కిలో."